కొన్నది మీరు.. గేమ్ మాత్రం రాదు! కొన్ని కన్సోల్స్ అంటే డెవలపర్లు ఎందుకు వెనక్కి తగ్గుతున్నారు?

2024 ఆగస్టు 20. చైనాకి చెందిన గేమ్ సైన్స్ అనే స్టూడియో ‘బ్లాక్ మిత్: వుకాంగ్’ గేమ్‌ను రిలీజ్ చేసింది. మూడు రోజుల్లోనే కోటి కాపీలు అమ్ముడయ్యాయి. పీసీ ఉన్నవాళ్లు ఆడారు. పీఎస్5 ఉన్నవాళ్లు ఆడారు. ఎక్స్‌బాక్స్ కొనుక్కున్నవాళ్లు మాత్రం ఇంకొకరు ఆడిన వీడియోలు చూస్తూ కూర్చున్నారు. నెలా రెండు నెలలూ కాదు.. ఏడాది పాటు! 2025 ఆగస్టు 20న గానీ ఆ గేమ్ ఎక్స్‌బాక్స్‌కి రాలేదు.

వేలకు వేలు పోసి కన్సోల్ కొన్నాక, ఊరంతా మాట్లాడుకుంటున్న గేమ్ దాంట్లో లేదంటే ఎవరికైనా మండుతుంది. కోపం ముందుగా గేమ్ తీసినవాళ్ల మీదకే వెళ్తుంది. ‘మా కన్సోల్ అంటే వాళ్లకి చిన్నచూపు’, ‘పక్క కంపెనీ దగ్గర డబ్బులు తీసుకున్నారు’.. కామెంట్లలో కనిపించేవి ఇవే. మరి అసలు కారణం ఏంటి? డబ్బు వచ్చే చోటును ఏ డెవలపర్ అయినా ఎందుకు వదులుకుంటాడు? ఈ ప్రశ్నకు జవాబు కావాలంటే ముందు ఇంకో గేమ్ సంగతి తెలుసుకోవాలి.

బాల్డర్స్ గేట్ 3.. ఒక్క ఫీచర్ దగ్గర ఆగిపోయింది

బెల్జియంకి చెందిన లేరియన్ స్టూడియోస్ తీసిన ‘బాల్డర్స్ గేట్ 3’ 2023 ఆగస్టు 3న పీసీలో వచ్చింది. సెప్టెంబర్ 6న పీఎస్5లో వచ్చింది. ఎక్స్‌బాక్స్ సంగతి అడిగితే మాత్రం డేట్ లేదు. లేరియన్ చెప్పిన కారణం సూటిగా ఉంది. గేమ్‌లో ‘స్ప్లిట్ స్క్రీన్’ అనే ఫీచర్ ఉంది. అంటే ఒకే టీవీని రెండు భాగాలు చేసి ఇద్దరు కలిసి ఆడుకోవచ్చు. ఖరీదైన ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ దీన్ని మోయగలదు. దాని తమ్ముడు సిరీస్ ఎస్ దగ్గరే చిక్కొచ్చింది.

‘సరే, పెద్దదాంట్లో ఇచ్చేసి చిన్నదాంట్లో ఆ ఫీచర్ తీసేయొచ్చుగా’ అని మీకు అనిపించొచ్చు. అక్కడే రూల్ అడ్డొచ్చింది. ఈ తరం ఎక్స్‌బాక్స్‌కి గేమ్ తీస్తే రెండు మోడల్స్‌లోనూ రావాలి. బొమ్మ క్వాలిటీ తగ్గినా పర్వాలేదు, ఫీచర్లు మాత్రం సమానంగా ఉండాలన్నది మైక్రోసాఫ్ట్ పాలసీ. దాంతో చిన్నదాని కోసం పెద్దది కూడా ఆగాల్సి వచ్చింది.

చివరికి 2023 ఆగస్టులో లేరియన్ అధినేత స్వెన్ వింకే, ఎక్స్‌బాక్స్ బాస్ ఫిల్ స్పెన్సర్ కూర్చుని మాట్లాడుకున్నారు. సిరీస్ ఎస్‌లో స్ప్లిట్ స్క్రీన్ లేకుండానే రిలీజ్ చేసుకోవడానికి దారి దొరికింది. డిసెంబర్‌లో గేమ్ ఎక్స్‌బాక్స్‌కి వచ్చింది. అదే రోజు రాత్రి ‘ద గేమ్ అవార్డ్స్’లో అది ఆ ఏటి మేటి గేమ్‌గా నిలిచింది. ఆ ఏడాది అంతగా పేరు తెచ్చుకున్న గేమ్ ఎక్స్‌బాక్స్ వాళ్ల చేతికి అందింది డిసెంబర్‌లోనే అన్నమాట.

కొసమెరుపు ఏంటంటే.. ఆ స్ప్లిట్ స్క్రీన్ సిరీస్ ఎస్‌కి కూడా వచ్చింది. కాకపోతే 2025 ఏప్రిల్‌లో, ఎనిమిదో ప్యాచ్‌తో. అంటే అది అసాధ్యమైన పనేం కాదు. దానికి ఏడాదిన్నరకు పైగా అదనపు శ్రమ పట్టింది. గొడవంతా ఆ శ్రమ గురించే.

అసలు పేచీ 10 జీబీ దగ్గర

సిరీస్ ఎక్స్, సిరీస్ ఎస్ రెండూ 2020 నవంబర్ 10న ఒకేసారి మార్కెట్లోకి వచ్చాయి. అమెరికాలో పెద్దది 499 డాలర్లు, చిన్నది 299 డాలర్లు. ఆ 200 డాలర్ల తేడా ఎక్కడ మిగిలిందో చూస్తే విషయం అర్థమవుతుంది. పెద్దదాంట్లో గ్రాఫిక్స్ సత్తా 12 టెరాఫ్లాప్స్, చిన్నదాంట్లో 4. పెద్దదాంట్లో మెమరీ 16 జీబీ, చిన్నదాంట్లో 10 జీబీ. ఆ పదిలోనూ 8 జీబీయే వేగంగా పనిచేస్తుంది. మిగతా 2 జీబీ నెమ్మది.

గ్రాఫిక్స్ సత్తా తక్కువైతే సర్దుకోవచ్చు. 4కే బొమ్మ బదులు తక్కువ రిజల్యూషన్ ఇస్తే సరిపోతుంది. చిన్న టీవీలో చూసేవాడికి పెద్ద తేడా కూడా తెలియదు. మెమరీతో అలా కుదరదు. వంటింటి లెక్కలో చెప్పుకుంటే.. పొయ్యి మంట తక్కువైతే వంట కాస్త ఆలస్యమవుతుంది, అంతే. గట్టు మీద గిన్నెలు పెట్టుకునే చోటే లేకపోతే? ఒకటి దించితే గానీ ఇంకోటి ఎక్కించలేం. పది రకాలు వండాల్సినచోట ఏడుతో సరిపెట్టాలి, లేదంటే వంట పద్ధతే మార్చాలి.

గేమ్‌లో కూడా అంతే. మనిషి బొమ్మలు, ఊళ్లు, చెట్లు, శబ్దాలు, శత్రువుల కదలికలు.. అన్నీ ఆ క్షణానికి మెమరీలో ఉండాలి. స్ప్లిట్ స్క్రీన్‌లో ఒక ఆటగాడు ఊళ్లో ఉండి, ఇంకొకడు అడవిలోకి వెళ్తే ఊరూ అడవీ రెండూ ఒకేసారి లోడై ఉండాలి. బాల్డర్స్ గేట్ 3 చిక్కు అదే.

వుకాంగ్ టీమ్ చెప్పిందీ ఇదే మాట. గేమ్ రిలీజైన కొన్ని నెలలకు గేమ్ సైన్స్ అధినేత ఫెంగ్ జీ చైనా సోషల్ మీడియాలో స్పందిస్తూ, ఆ 10 జీబీ మెమరీలో గేమ్‌ను సర్దాలంటే ఏళ్ల అనుభవం ఉండాలన్నారు. ఈ స్టూడియో అంతకుముందు తీసినవి మొబైల్ గేమ్స్. ఇంత భారీ కన్సోల్ గేమ్ వాళ్లకి ఇదే మొదటిది. అలాంటి టీమ్‌కి పీసీ, పీఎస్5 కాక ఇంకో రెండు మోడల్స్ అంటే చిన్న బరువు కాదు.

మైక్రోసాఫ్ట్ మాత్రం ఈ వాదనను పూర్తిగా ఒప్పుకోలేదు. ఇతర కంపెనీలతో తమ పార్ట్‌నర్లు చేసుకునే ఒప్పందాల గురించి తాము మాట్లాడబోమంటూ, ఆలస్యం వెనక వేరే కారణం ఉందన్నట్టు సూచించింది. మెమరీ కష్టం నిజమే అయినా అది ఒక్కటే కారణమని తేల్చేయడానికి లేదు. ఒకే కన్సోల్‌కి గేమ్ ఇస్తామని రాసుకునే ‘ఎక్స్‌క్లూజివ్’ డీల్స్ ఈ వ్యాపారంలో ఎప్పటినుంచో ఉన్నాయి.

ఇది నిన్న మొన్నటి గొడవ కాదు

డెవలపర్లు ఒక కన్సోల్‌ను చూసి మొహం చాటేయడం ఇదే మొదలు కాదు. 30 ఏళ్ల కిందట ఇదే పరిస్థితి నింటెండోకి ఎదురైంది. అప్పట్లో జపాన్ కంపెనీ స్క్వేర్ తన ‘ఫైనల్ ఫాంటసీ’ సిరీస్‌లో మొదటి ఆరు గేమ్స్ నింటెండోకే ఇచ్చింది. 1996లో నింటెండో 64 వచ్చింది. సోనీ, సెగా సీడీల వైపు వెళ్లిపోయినా నింటెండో మాత్రం పాత క్యాట్రిడ్జ్‌నే పట్టుకుంది. క్యాట్రిడ్జ్ లోడింగ్ లేకుండా టకీమని ఆడుతుంది, కాపీ కొట్టడమూ కష్టం. కానీ దాంట్లో గరిష్ఠంగా పట్టింది 64 ఎంబీ. ఒక సీడీలో 650 ఎంబీ దాకా పడుతుంది. తయారీ ఖర్చు చూసినా సీడీయే చవక.

స్క్వేర్ తీయాలనుకున్న ‘ఫైనల్ ఫాంటసీ 7’లో సినిమా లాంటి వీడియో సీన్లు బోలెడు. అవి క్యాట్రిడ్జ్‌లో పట్టవు. 1997 జనవరిలో ఆ గేమ్ మూడు సీడీలతో సోనీ ప్లేస్టేషన్‌కి వెళ్లిపోయింది. నింటెండో 64కి స్క్వేర్ ఒక్క గేమ్ కూడా తీయలేదు. చివరికి ప్లేస్టేషన్ 10 కోట్లకు పైగా అమ్ముడైతే, నింటెండో 64 దాదాపు 3.3 కోట్ల దగ్గర ఆగింది. ఒక్క గేమ్ వల్లే ఇదంతా జరిగిందని అనలేం గానీ, డెవలపర్లు ఎటు నడిస్తే జనం అటు నడుస్తారని అప్పుడే తేలిపోయింది.

పదేళ్లు తిరిగేసరికి అదే తప్పు సోనీ చేసింది. 2006లో వచ్చిన పీఎస్3లో ‘సెల్’ అనే కొత్త రకం ప్రాసెసర్ పెట్టారు. ఐబీఎం, తోషిబాతో కలిసి తయారుచేసిన ఈ చిప్ కాగితం మీద భీకరంగా ఉండేది. ఒక ప్రధాన కోర్, దాని కింద పనిచేసే చిన్న చిన్న యూనిట్లు. ఏ పని ఏ యూనిట్‌కి ఇవ్వాలి, డేటా ఎప్పుడు పంపాలి అన్నది ప్రోగ్రామరే చూసుకోవాలి. మెమరీ కూడా 256 ఎంబీ చొప్పున రెండు ముక్కలు. ఒకవైపు మిగిలింది ఇంకోవైపు వాడుకోవడం తేలిక కాదు. పోటీగా ఉన్న ఎక్స్‌బాక్స్ 360లో 512 ఎంబీ ఒకే ముక్కగా ఉండేది.

దీంతో అమెరికాకి చెందిన వాల్వ్ కంపెనీ అధినేత గేబ్ న్యూవెల్ 2007లోనే పీఎస్3 మీద బహిరంగంగా విరుచుకుపడ్డారు. అది అందరి టైమ్ వేస్ట్ చేస్తోందన్నారు. మరి సోనీ ఏమంది? 2009లో కంపెనీ గేమింగ్ విభాగం బాస్ కజ్ హిరాయ్.. సులువుగా ప్రోగ్రామ్ రాసుకునే కన్సోల్‌ను తాము కావాలనే ఇవ్వట్లేదని, అలా ఇస్తే మొదట్లోనే దాని సత్తా అంతా బయటపడిపోతుందన్న అర్థంలో మాట్లాడారు. డెవలపర్‌కి కష్టం పెట్టడమే గొప్ప అన్నట్టు!

ఆ కష్టం చివరికి ఎవరి నెత్తిన పడింది? కొన్నవాడి నెత్తినే. 2011 నవంబర్‌లో వచ్చిన ‘స్కైరిమ్’ పీఎస్3లో సేవ్ ఫైల్ పెరిగేకొద్దీ నత్తనడక నడిచింది. దాని అదనపు కథ ‘డాన్‌గార్డ్’ ఎక్స్‌బాక్స్‌కి 2012 జూన్‌లో వస్తే, పీఎస్3 వాళ్లకి 2013 ఫిబ్రవరిలో గానీ అందలేదు.

సోనీ మాత్రం పాఠం నేర్చుకుంది. తర్వాతి కన్సోల్ డిజైన్ చేసేముందు మార్క్ సెర్నీ డెవలపర్ల దగ్గరికే వెళ్లి ఏం కావాలో అడిగారు. అంతా ఒకే ముక్కగా ఉండే మెమరీ కావాలన్నారు వాళ్లు. 2013లో పీఎస్4 మామూలు పీసీ తరహా ప్రాసెసర్‌తో, 8 జీబీ ఉమ్మడి మెమరీతో వచ్చింది. 11 కోట్లకు పైగా అమ్ముడైంది.

మరి స్విచ్ సంగతేంటి?

ఇదంతా చదివాక ‘కన్సోల్ బలహీనంగా ఉంటే డెవలపర్లు రారు’ అనే లెక్కకు వస్తే పొరపాటే. నింటెండో స్విచ్‌నే చూడండి. 2017లో వచ్చిన ఆ కన్సోల్‌లో ఉన్న మెమరీ 4 జీబీ. సిరీస్ ఎస్‌లో సగం కూడా లేదు. అయినా 2015లో పెద్ద కన్సోల్స్ కోసం తీసిన ‘విచర్ 3’ 2019లో స్విచ్‌కి వచ్చింది. పీఎస్5లో ఆడే ‘హాగ్వార్ట్స్ లెగసీ’ని కూడా 2023 నవంబర్‌లో ఎలాగోలా దాంట్లో దూర్చారు. బొమ్మ మసకబారింది, లోడింగ్ పెరిగింది. కానీ గేమ్ వచ్చింది.

పదిలో కుదరదన్నది నాలుగులో ఎలా కుదిరింది? రెండు కారణాలు కనిపిస్తాయి.

మొదటిది జనం. స్విచ్ ఇప్పటికి 15 కోట్లకు పైగా అమ్ముడైంది. అంతమంది ఉన్నచోట గేమ్‌ను కోసి, కుదించి అయినా సరే అమ్ముకుందామనే చూస్తారు. అదే నింటెండో అంతకుముందు 2012లో తెచ్చిన వీ యూ సంగతి చూడండి. అమ్ముడైంది 1.35 కోట్ల చిల్లర. 2011లో నింటెండో స్టేజీ మీదకొచ్చి మద్దతు ప్రకటించిన ఈఏ కంపెనీ, 2013 మే నాటికి దానికోసం ఒక్క గేమ్ కూడా తయారుచేయట్లేదని తేల్చేసింది. యూబీసాఫ్ట్ అయితే వీ యూకి మాత్రమే ఇస్తామన్న ‘రేమన్ లెజెండ్స్’ను నెలల తరబడి ఆపి, మిగతా కన్సోల్స్‌తో కలిపి రిలీజ్ చేసింది. ఒకే కంపెనీ కన్సోల్స్.. రెండూ పోటీవాటికంటే బలహీనమైనవే. ఒకటి ఖాళీగా మిగిలింది, రెండోది కిటకిటలాడింది.

రెండోది స్వేచ్ఛ. స్విచ్‌కి ఇచ్చే వెర్షన్ విడిగా ఉంటుంది. ఏం తీసేయాలో, ఎప్పుడు రిలీజ్ చేయాలో డెవలపర్ ఇష్టం. పీఎస్5 వెర్షన్ దానికోసం ఆగదు. సిరీస్ ఎస్ అలా కాదు. అది సిరీస్ ఎక్స్‌తో ముడిపడి ఉంది. చిన్నదాంట్లో కుదరకపోతే పెద్దదాంట్లోనూ లేనట్టే.

డబ్బింగ్ సినిమా లెక్కే

దీన్ని మన సినిమా భాషలో చెప్పుకుంటే ఇంకా తేలిక. ఒక తెలుగు సినిమాని ఇంకో భాషలోకి డబ్ చేయాలంటే నిర్మాత ఏం చూస్తాడు? డబ్బింగ్‌కి ఎంతవుతుంది, అక్కడ థియేటర్లు ఎన్ని దొరుకుతాయి, ఆ ఏరియాలో ఎంత వసూలవుతుంది.. ఈ మూడే. వసూళ్లు ఖర్చుకి కూడా సరిపోవనుకుంటే ఆ భాష మీద ఎంత ప్రేమున్నా వదిలేస్తాడు.

గేమ్‌ని ఒక కన్సోల్ నుంచి ఇంకోదానికి మార్చడాన్ని ‘పోర్టింగ్’ అంటారు. దాని ఖర్చు డబ్బింగ్ కంటే ఎక్కువే. ఆ కన్సోల్ కంపెనీతో ఒప్పందం చేసుకోవాలి. ప్రత్యేకమైన డెవలప్‌మెంట్ కిట్లు తెచ్చుకోవాలి. గేమ్ మొత్తాన్ని మళ్లీ టెస్ట్ చేయాలి. కంపెనీ పెట్టే సర్టిఫికేషన్ పాసవ్వాలి. రిలీజ్ అయ్యాక కూడా ప్రతి అప్‌డేట్‌నీ అన్ని మెషీన్లలో సరిచూసుకోవాలి. అమ్మిన ప్రతి కాపీలో స్టోర్ వాటా మామూలుగా 30 శాతం. పెద్ద కంపెనీకి ఇది ఒక డిపార్ట్‌మెంట్ పని. పది పదిహేను మంది ఉన్న స్టూడియోకి ఇది చావుబతుకుల నిర్ణయం. ఉన్న ఇద్దరు ప్రోగ్రామర్లను ఆరు నెలలు పోర్టింగ్ మీద కూర్చోబెడితే తర్వాతి గేమ్ ఎవరు తీస్తారు?

ఇప్పుడు ఎక్స్‌బాక్స్ వైపు లెక్క చూడండి. పీఎస్5 అమ్మకాలు 8 కోట్లు దాటాయని సోనీ లెక్కలే చెబుతున్నాయి. ఎక్స్‌బాక్స్ ఎన్ని అమ్ముడయ్యాయో చెప్పడం మైక్రోసాఫ్ట్ 2015లోనే మానేసింది. 2024 నుంచి ఆ కంపెనీ తన సొంత గేమ్స్‌నే పీఎస్5కి తీసుకెళ్తోంది. 2025 ఏప్రిల్‌లో ‘ఫోర్జా హొరైజన్ 5’, ఆగస్టులో ‘గేర్స్ ఆఫ్ వార్: రీలోడెడ్’ అలాగే వెళ్లాయి. అంగడి పెట్టినవాడే సరుకు పక్క వీధిలోనూ అమ్ముకుంటుంటే, బయటి డెవలపర్ ముందు ఏ వీధిలో కొట్టు పెట్టుకుంటాడు?

మైక్రోసాఫ్ట్ వాదనలోనూ పస ఉంది

సిరీస్ ఎస్‌ను తిట్టేసి ఊరుకుంటే న్యాయం కాదు. 499 డాలర్లు పెట్టలేనివాళ్లు ప్రపంచంలో చాలామందే ఉన్నారు. వాళ్లకోసం 299 డాలర్లకే కొత్త తరం కన్సోల్ ఇవ్వడం మంచి ఆలోచనే. మన దగ్గర కూడా 2020లో సిరీస్ ఎక్స్ 49,990 రూపాయలు ఉంటే, సిరీస్ ఎస్ 34,990 రూపాయలకే వచ్చింది. జీతం రాళ్లు లెక్కపెట్టుకుని కొనేవాడికి ఆ 15 వేలు పెద్ద తేడా. ఫీచర్ల రూల్ కూడా వాళ్లను కాపాడటానికి పెట్టిందే. ఆ రూల్ లేకపోతే చవక మోడల్ కొన్నవాడికి ప్రతి గేమ్‌లోనూ ఏదో ఒకటి కోసేస్తారు.

డెవలపర్ల గోడు మైక్రోసాఫ్ట్ అసలు పట్టించుకోలేదనీ అనలేం. 2022లో సిరీస్ ఎస్‌లో గేమ్స్‌కి దొరికే మెమరీని వందల ఎంబీల మేర పెంచింది. బాల్డర్స్ గేట్ 3 విషయంలో పట్టు సడలించింది. వుకాంగ్ కూడా చివరికి సిరీస్ ఎస్‌లో ఆడింది.

చిక్కేంటంటే, తక్కువ డబ్బుకి కొన్నవాడిని కాపాడాలని పెట్టిన రూలే అతనికి గేమ్‌ను ఆలస్యం చేస్తోంది. అతనితో పాటు ఎక్కువ డబ్బు పెట్టి కొన్నవాడికీ చేస్తోంది. పైగా చవక అన్న మాట కూడా కరిగిపోతోంది. 2025 మేలో అమెరికాలో సిరీస్ ఎస్ ధరను 379.99 డాలర్లకు పెంచారు. ఐదేళ్ల పాత మెషీన్, అదే 10 జీబీ, ధర మాత్రం పైకి!

మనకెందుకీ గోల అంటారా?

మన దేశంలో గేమింగ్ అంటే ఎక్కువమందికి మొబైలే. అయినా ఈ లెక్క మన గుమ్మం దాకా వస్తుంది. పుణెకి చెందిన నాడింగ్ హెడ్స్ గేమ్స్ అనే స్టూడియో మన పురాణాల స్ఫూర్తితో ‘రాజీ’ అనే గేమ్ తీసింది. 2020 ఆగస్టులో అది మొదట వచ్చింది ఏ కన్సోల్‌లోనో తెలుసా? నింటెండో స్విచ్‌లో. మన దేశంలో నింటెండో అధికారికంగా అమ్మని కన్సోల్ అది! పీసీ, పీఎస్4, ఎక్స్‌బాక్స్ వాళ్లు అక్టోబర్ దాకా ఆగారు. అమ్మవారి కథ మనదే అయినా, మొదటి షో మాత్రం బయటి జనానికే పడింది.

కాబట్టి కొత్తగా కన్సోల్ కొనాలనుకునేవాళ్లు ధర, డిస్కౌంట్ చూసి ఆగిపోవద్దు. మీరు ఆడాలనుకుంటున్న ఐదారు గేమ్స్ పేర్లు రాసుకోండి. అవి ఆ కన్సోల్‌లో ఉన్నాయా, ఉంటే మిగతావాటితో పాటే వచ్చాయా, ఆలస్యంగా వచ్చాయా చూడండి. చవక మోడల్ తీసుకుంటుంటే సరిగ్గా ఆ మోడల్‌లోనే గేమ్ ఎలా నడుస్తోందో వీడియోలు వెతికి చూడండి. కంపెనీ చూపించే ట్రైలర్ మామూలుగా ఖరీదైన మెషీన్‌లో తీసిందే ఉంటుంది.

ఇక డెవలపర్ల విషయానికొస్తే, వాళ్లు తిట్లకు లొంగరు, బతిమాలితే కరగరు. పని తేలికై, కొనేవాళ్లు ఉంటే పిలవకపోయినా వస్తారు. ఆ రెండూ చూసుకోవాల్సింది కన్సోల్ తయారుచేసే కంపెనీ. నింటెండోకి ఇది వీ యూ తర్వాత తెలిసొచ్చింది, సోనీకి పీఎస్3 తర్వాత తెలిసొచ్చింది. ఇప్పుడు వంతు మైక్రోసాఫ్ట్‌ది. తర్వాతి ఎక్స్‌బాక్స్‌లో చవక మోడల్ ఉంటుందా, ఉంటే మెమరీ ఎంత పెడతారు? ఎక్స్‌బాక్స్ కొనేవాళ్లు మొదట చూడాల్సింది ఆ అంకెనే.